ఫ్యూజులు కొంగున కట్టుకున్న రోజు

నా తిట్లకు జడిసి పిండిమర మోటారు తిరిగిందని భవానీపురంలో మా వీధంతా చెప్పుకుంటారు. అది అబద్ధం.

మావారు చనిపోయిన ఏడాది సంగతి. మర నేనొక్కదాన్నే నడుపుతున్నాను, నాకున్న ఆధారం అదే. ఒక మధ్యాహ్నం స్విచ్ వేస్తే మోటారు తిరగకుండా మూలిగింది. కాసేపట్లోనే వేడెక్కి కాలిన వాసన కొట్టింది. వెంటనే మెయిన్ ఆపేశాను. మూడు ఫేజుల్లో ఒకటి అందడం లేదని అర్థమైంది, డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్నే కదా. కానీ నేను వైర్లు పట్టుకున్నప్పుడు ఎవరైనా వచ్చి తెలియక మెయిన్ వేస్తే నా పని అంతే. అక్కడ ఒక మనిషి కాపలా నిలబడాలి. మావారు రిపేరు చేస్తుంటే నేను నిలబడేదాన్ని.

"ఎవరైనా ఒక్కసారి రండి" అని గొంతు చించుకున్నాను. ఎవరూ రాలేదు. ఎవరు మెయిన్ వేసినా కరెంటు రాకుండా ఫ్యూజులు పీకి కొంగున ముడేసుకుని, మోటారు మీది డబ్బా విప్పాను. ఒక వైరు స్క్రూ దగ్గర మాడిపోయి ఉంది. మాడిన ముక్క కోసేసి, వైరు బిగించి, ఫ్యూజులు మళ్లీ పెట్టి స్విచ్ వేశాను. మోటారు తిరిగింది.

మర్నాడు బియ్యం పట్టించుకోవడానికి వచ్చిన పక్కింటావిడ, "మీ నోటికి మోటారు కూడా దారికొచ్చిందండీ. మా వంటింట్లోకి వినపడిందిగా" అని నవ్వింది.

నాకు నోరెక్కువే, కాదనను. కానీ ఆ రోజు నేను తిట్టలేదు, రమ్మని పిలిచాను. అంత బాగా వినపడితే ఎందుకు రాలేదు?