పైపు ముందు ఎంత వేడి?

కరోనా ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన రెండో చలికాలం అది. ఒమన్‌లో సీబ్ పట్టణం నుంచి గంటన్నర లోపలికి పోతే, కొండల కింద ఒక చిన్న ఊరు. చూడటానికి అక్కడ మూడే ఉన్నాయి: ఒక పాత కోట, ఖర్జూర తోటలు, రాతి సందులోంచి ఆవిరి కక్కుతూ వచ్చే వేడినీటి ఊట. శుక్రవారం వస్తే సీబ్ నుంచి, అల్ మవాలే నుంచి కార్లు బారులు తీరేవి. ఊట దగ్గరి స్నానాల గదులు చూసుకునే కంపెనీలో నేను పూల్ ఆపరేటర్‌ని. నీళ్ల వేడి, ప్రవాహం, శుభ్రం నా డ్యూటీ.

నేను పదో తరగతి లెక్కల్లో తప్పినవాణ్ణి. జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి కూలిపనికి ఒమన్ వచ్చాను. సైట్ మీద ఏ గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో చూసి చూసి, రాసుకుని రాసుకుని, లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. అందుకే ఈ ఉద్యోగం దొరికింది. అందుకే ఆ రోజు జరిగింది కూడా జరిగిందేమో.

ఊట నీళ్లు రాతిలోంచి యాభై నాలుగు డిగ్రీలతో వస్తాయి. అందులో నేరుగా కాలు పెట్టలేం. పక్కనే పారే చల్లటి కాలువ నుంచి ఒక పాయ తీసుకుని రెండింటినీ ఒక చిన్న కుండీలో కలుపుతాం. దాన్ని మిక్సింగ్ చాంబర్ అంటాం. అక్కడి నుంచి పైపు గుండా గదుల్లోని తొట్లలోకి వెళ్తాయి. ఇరవై లీటర్ల బకెట్టు, చేతి గడియారం పెట్టుకుని నేనే కొలిచాను: ఆడవాళ్ల గదికి నిమిషానికి ఇరవై లీటర్ల వేడినీళ్లు, ఇరవై మూడు లీటర్ల చన్నీళ్లు. రెండూ కలిస్తే నలభై డిగ్రీలు. కాళ్లకు హాయిగా ఉండే వేడి.

ఆ చల్లటి కాలువను అక్కడ ఫలజ్ అంటారు. అది ఊరి సొత్తు. తోటలకు వంతుల ప్రకారం పారుతుంది. పై తోట వంతు వచ్చినప్పుడు నీళ్లు మొత్తం అటే మళ్లిస్తారు, మా పాయ గంటన్నర ఎండిపోతుంది. అంతసేపూ మేం గదులు మూసేస్తాం. మొదట్లో రోజూ పొద్దున రైతులు కహ్వా అనే కాఫీ తాగే అరుగు దగ్గరికి పోయి, కింద కూర్చుని, ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, "ఈరోజు పై తోట ఎప్పుడు?" అని అడిగేవాణ్ణి. రెండు నెలలు రాసుకున్నాక క్రమం దొరికింది. వంతుల వేళలు ఎనిమిది రోజులకొకసారి మళ్లీ మొదటికి వస్తున్నాయి. చలికాలం మొత్తానికి చార్ట్ వేసి గోడకు అంటించాను. అది ఒక్కరోజు కూడా తప్పలేదు. నేను కహ్వాకు పోవడం మానేశాను.

ఆ శుక్రవారం చార్ట్ ప్రకారం పై తోట వంతు మధ్యాహ్నం ఒకటిన్నరకు.

పదకొండు దాటాక కడప కుటుంబం ఒకటి వచ్చింది. బాషా అల్ మవాలేలో దుకాణాలకు సరుకు వేసే డ్రైవరు. భార్య షాహీన్, ఇద్దరు పిల్లలు, విజిట్ వీసా మీద వచ్చిన అమ్మ హుసేన్‌బీ. గేటు మీద నేను చేత్తో రాసి పెట్టిన "కాళ్లు కడుక్కొని దిగండి" అనే బోర్డు చూసి బాషా నవ్వాడు.

"ఇంత లోపల తెలుగు అక్షరాలు! యా ఊరన్నా మీది?"

"జగిత్యాల దిక్కు. నన్ను సత్తయ్య అంటరు."

"మా అమ్మకు షుగరు. రెండేండ్ల నుంచి పాదాలు మొద్దుబారినాయి. ముల్లు గుచ్చుకున్నా తెలీదు. ఈ నీళ్లలో పెడితే స్పర్శ వస్తాదని పక్క రూమ్‌లో వాళ్లు చెప్పినారు."

వస్తుందని నేను చెప్పలేదు. రాదని కూడా చెప్పలేదు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు ఆ మాట చెప్పబుద్ధి కాలేదు.

ఆడవాళ్ల గది చూసుకునే ఒమనీ ఆవిడ జోఖా. శుక్రవారం పదకొండున్నరకు ఇంటికి పోయి రెండింటికి వస్తుంది. ఆమె లేనప్పుడు ఆ గది మూసి ఉంచాలి. తెర దాటి మగవాడు లోపలికి పోతే ఉద్యోగం పోవడమే కాదు, పోలీసు కేసు కూడా అవుతుంది. ఆ రోజు జోఖా బయల్దేరుతుంటే బాషా నన్ను బతిమాలాడు.

"పన్నెండున్నర దాకా అమ్మను కూచోనీ అన్నా. కోట మెట్లు ఆమెకు ఎక్కను కాదు. షాహీన్ పిల్లోళ్లకు కోట చూపించుకొస్తాది. నేను జుమ్మా నమాజుకు పోయొస్తా."

అప్పటికి గదిలో ఇంకెవరూ లేరు. చార్ట్ ప్రకారం చన్నీళ్లకు ఒకటిన్నర దాకా ఢోకా లేదు. సరేనన్నాను. షాహీన్ అత్తను తొట్టి గట్టు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్క కాలూ ఎత్తి నీళ్లలో పెట్టి, పిల్లలతో వెళ్లింది.

ప్రతి పావుగంటకు నీళ్లు గది బయటికి పోయేచోట, అంటే అవుట్‌లెట్ దగ్గర, థర్మామీటరు చూసి లాగ్ బుక్కులో రాయాలి. పన్నెండుకు నలభై. పన్నెండుంపావుకు నలభై రెండు.

ఆ గదిలో రెండు డిగ్రీలు ఎప్పుడూ పెరగలేదు. చాంబర్ దగ్గరికి పోయి చూశాను. చన్నీళ్ల పాయలో తడి పాచి తప్ప ఏమీ లేదు. నీళ్లు ఆగిపోయాయి.

లెక్క తలలో దానంతటదే నడిచింది. గదిలోని తొట్టిలో అయిదు వందల లీటర్లు. నిమిషానికి ఇరవై లీటర్ల యాభై నాలుగు డిగ్రీల నీళ్లు చేరుతున్నాయి. అంటే ప్రతి నిమిషం తొట్టిలో ఇరవై అయిదో వంతు మారుతుంది. నలభై నుంచి నలభై రెండుకు వచ్చిందంటే చన్నీళ్లు ఆగి దాదాపు నాలుగు నిమిషాలు. మేం దాటనివ్వకూడని నలభై అయిదుకు ఇంకో ఏడు నిమిషాలు. నలభై ఎనిమిదికి పదిహేడు. నలభై ఎనిమిదిలో మంచి చర్మమే అయిదారు నిమిషాల్లో కాలుతుందని మాకు ట్రైనింగులో చెప్పారు.

తెర ఇవతలి నుంచి కేకేశాను. "పెద్దమ్మా! నీళ్లు వేడెక్కుతున్నయి. కాళ్లు బయటికి తియ్యి!"

"ఏంది నాయనా?"

"కాళ్లు తియ్యమంటున్న!"

"ఇంకా టైముందంట గదా, నా కొడుకు చెప్పినాడు. ఇప్పుడిప్పుడే తగుల్తా ఉంది నాయనా! రెండేండ్లకు తగుల్తా ఉంది. ఉండనీ!"

"అది మంచిది కాదు పెద్దమ్మా. తియ్యి!"

"తియ్యాలంటే నాకు యాడొస్తాది? మోకాలు వంగదు. కోడల్ని రానీ."

గేటు దగ్గర రాసుకున్న బాషా నంబరుకు ఫోన్ చేశాను. తెర లోపల మోగింది.

"నా కొడుకు ఫోను నా కాడుంది," అంది లోపలి నుంచి. "నమాజులో మోగుతాదని ఇచ్చిపోయినాడు. ఎత్తమంటావా? చెయ్యను నాకు రాదు."

షాహీన్ నంబరు నా దగ్గర లేదు. ఊళ్లో మగవాళ్లందరూ మసీదులో ఉన్నారు. చాంబర్ నుంచి గదికి పోయే పైపుకు ఒక వాల్వ్ ఉంది. తిప్పి చూశాను. ఊట నీళ్ల సున్నం పేరుకుని బిగుసుకుపోయింది. రెంచ్ పెట్టి బలం వేస్తే చక్రం కడ్డీ నుంచి ఊడి చేతికి వచ్చింది. దాన్ని మార్చమని రాసిన కాగితం ఆఫీసులోనే ఉంది.

ఇక మిగిలింది కాలువ. నూటయాభై అడుగుల ఎగువన, పై తోటకు నీళ్లు మళ్లే చోట ఒక రాతిపలకను గుడ్డలు కుక్కి బిగిస్తారు. అది ఎత్తితే నీళ్లు మళ్లీ మా పాయలోకి వస్తాయి. కానీ వంతులో ఉన్నవాడి నీళ్లు ఇంకొకడు ముట్టుకోవడం ఆ ఊళ్లో దొంగతనం కింద లెక్క. అయినా పరుగెత్తాను. పోవడానికి ఒక నిమిషం, పలకకు ఒకటి, నీళ్లు కిందికి చేరడానికి రెండు. ఏడు నిమిషాల్లో నాలుగే పోతాయి. లెక్క సరిపోయింది.

గుడ్డలు లాగేసి పలక ఎత్తాను. చన్నీళ్లు నా మోచేతుల మీదుగా మా పాయలోకి దూకాయి. అప్పుడు ఆమె మాట తలలో తగిలింది. ఇప్పుడిప్పుడే తగుల్తా ఉంది.

ముల్లు గుచ్చుకున్నా తెలియని పాదం. నలభైలో దానికి ఏమీ తెలియలేదు. నలభై రెండులో ఎలా తెలిసింది? రెండు డిగ్రీలకు అంత మొద్దుబారిన కాలు మేలుకోదు. ఆమె పాదాల దగ్గర ఉన్నది నలభై రెండు కాదు.

నేను చూసింది అవుట్‌లెట్. అది తొట్టికి అటు చివర. ఇటు చివర పైపు. చన్నీళ్లు ఆగిన మరుక్షణం నుంచి ఆ పైపులోంచి పడుతున్నది కలిపిన నీళ్లు కాదు, నేరుగా ఊట. నా లెక్క మొత్తం తొట్టికి సరాసరి. ఆమె కాళ్లు సరాసరిలో లేవు.

దిగుతూ ఎక్కడెక్కడ కాలు వేశానో తెలియదు. తెర ముందు నిలబడి అరిచాను.

"పెద్దమ్మా, ఏడ కూసున్నవ్? పైపు దగ్గర్నా?"

"దాని ముందరే. ముందు అవతల కూచోబెట్టింది కోడలు. ఆడ ఏమీ తగల్లేదు. మెల్లగా జరుక్కుంటా ఈడికొచ్చినా."

"నేను లోపలికి వస్తున్న."

"వద్దు! వద్దు నాయనా, తలమీద గుడ్డ ల్యాదు నాకు!"

తెర తోసి లోపలికి పోయాను. మొహం గోడకు తిప్పుకుని నా భుజం మీది తువ్వాలు ఆమె తలమీద వేశాను. రెండు చంకల కింద చేతులు పెట్టి ఎత్తాను. ఆమె నా వీపు మీద గుద్దుతూనే ఉంది. "సిగ్గు ల్యాదా నీకు! నా కొడుకు రానీ, చెప్తా నీ పని!" ఆమె కాళ్లను గట్టు దాటిస్తుండగా ఒక్క క్షణం నా ముంజేయి పైపు ముందు నీళ్లలో మునిగింది. వెంటనే లాక్కున్నాను. ఆమె అక్కడ తొమ్మిది నిమిషాలు పైగా ఉంది.

పాదాలు చీలమండల దాకా ఎర్రగా ఉన్నాయి. కుడికాలి వేళ్లు మాత్రం ఎరుపు కాదు. తెల్లబడ్డాయి.

చన్నీళ్లు అప్పుడే గది ముందరి మా పాయలోకి చేరుతున్నాయి. గట్టు మీద కూర్చోబెట్టి కాళ్లు అందులో పెట్టాను. కాలినచోట ఇరవై నిమిషాలు పారే చన్నీళ్లు పడాలి. గడియారం చూసుకున్నాను.

"ఇప్పుడేమీ తెలీడం ల్యా," అంది హుసేన్‌బీ. అప్పటికి తిట్టడం ఆపేసింది.

పదకొండో నిమిషంలో నాసిర్ వచ్చాడు. పై తోట యజమాని. డెబ్బై ఏళ్లు ఉంటాయి. మసీదు నుంచి తోటకు పోయి, కాలువ ఎండి ఉండటం చూసి, తెల్లటి దిష్‌దాషా అంగీ మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని దిగాడు.

"కౌన్ ఖోలా? మేరా పానీ కౌన్ ఖోలా?"

"నేనే బాబా."

"లేష్? ఎందుకు? ఈరోజు వంతు నాది. నిజ్వాలో మా బంధువు పోయాడు. మధ్యాహ్నం అక్కడికి పోవాలని జుమ్మాకు ముందరికి మార్చుకున్నా. పొద్దున కహ్వా దగ్గర అందరికీ చెప్పా. నువ్వెక్కడున్నావ్? ఎన్ని రోజులైంది నువ్వు వచ్చి?"

పక్కకు జరిగాను. ఆయన కాలువలో ఉన్న పాదాలు చూశాడు.

"ఇంకా తొమ్మిది నిమిషాలు కావాలి బాబా," అన్నాను.

"ఖల్లీ," అన్నాడు. ఉండనీ అని. ఆసుపత్రికి తీసుకుపోవడానికి తన బండి తెస్తానంటూ వెనక్కి తిరిగాడు.

బాషా, షాహీన్ దాదాపు ఒకేసారి చేరుకున్నారు. షాహీన్ అత్త కాళ్లు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బాషా నన్ను కొడతాడనుకున్నాను. "నిన్ను నమ్మి ఇడిసిపెట్టి పోతిమి కదన్నా," అన్నాడు. అంతే. కొట్టి ఉంటే బాగుండేది.

కంపెనీకి జరిగింది జరిగినట్టు రాసిచ్చాను: గది మూయాల్సిన సమయంలో తెరిచి ఉంచాను, వంతు అడగలేదు, తెర దాటాను. పోలీసుల దాకా పోకుండా జోఖా, నాసిర్ నా తరఫున మాట్లాడారు. వార్నింగ్ లెటర్ ఇచ్చారు. సంతకం పెట్టాను. ఇప్పుడు ఆ గదిలో రెండు థర్మామీటర్లు ఉన్నాయి, ఒకటి పైపు మూతి దగ్గర. పైపు ముందు ఎవరూ కూర్చోకుండా కడ్డీ బిగించాం. కొత్త వాల్వ్ వచ్చింది. గోడ మీది చార్ట్ నేనే చింపేశాను. రోజూ పొద్దున అరుగు మీద కూర్చుని అడుగుతున్నాను. షుగరు ఉందా అని గేటు దగ్గర అడగకుండా ఎవరినీ లోపలికి పంపడం లేదు. ఉందంటే ఆ నీళ్లు వాళ్ల కాళ్లకు పనికిరావని మొహం మీదే చెబుతున్నాను. తిట్టుకుంటూ పోయేవాళ్లు ఉన్నారు.

హుసేన్‌బీ కుడికాలి చిటికెన వేలు తీసేశారు. మిగతా పాదం మానడానికి రెండు నెలలు పైనే పట్టింది. కడపకు తిరిగిపోయే ముందు బాషా ఫోన్ నుంచి నాతో మాట్లాడింది.

"నిన్ను ఆ పొద్దు శానా కొట్టినా నాయనా."

"కొట్టాల్సిందే పెద్దమ్మా. తప్పు నాదే."

"తప్పు సంగతి పక్కన పెట్టు. నాకొకటి చెప్పు. ఆ పొద్దు తగిలింది నిజం. మెత్తగా, గోరువెచ్చగా తగిలింది. నీకు లెక్కలొస్తాయంట గదా. నాకు తగలాల, కానీ కాలగూడదు. ఆ మధ్యలో ఎంత పెట్టుకోవాలో ఒక నంబరు చెప్పు. ఇంటికాడ బొక్కెనలో అంతే పోసుకుంటా."

కాగితం, పెన్ను చేతిలోనే ఉన్నాయి. నలభైలో ఆమెకు తెలియలేదు. పైపు ముందు నీళ్లు, నేను తర్వాత కొలిస్తే, యాభై. చర్మం కాలడం అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూశాను. ఆమె అడిగిన మధ్య అక్కడ లేదు.

"నీ కాళ్లకు ఆ నంబరు లేదు పెద్దమ్మా," అన్నాను.

"ఈ మాట ఆ పొద్దు గేటు కాడ్నే చెప్పింటే," అంది, "నేను దిగేదాన్ని కాదు గదా నాయనా."