పెళ్ళిచూపులకు వెళ్ళి గుండెక్కిన వైనం

ఆ రోజుల్లో నాకు బాగా తెలిసిన విషయం ఒక్కటే ఉండేది గానీ, దాన్ని ఎదుటివాళ్ళు ఆవలించేదాకా చెప్పగల ఓపిక మాత్రం దండిగా ఉండేది. చదివింది భూగర్భశాస్త్రం, చేస్తున్నది గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. (ఈ రెండింటికీ సంబంధమేమిటని మా నాన్న ఇప్పటికీ అడుగుతుంటారు.) రాళ్ళ గురించి వినేవాళ్ళు ఆఫీసులో ఎవరూ దొరకలేదు, పెళ్ళిచూపుల్లో దొరికారు.

అమ్మాయి వాళ్ళది నార్సింగిలో కొత్త ఫ్లాటు. అమ్మాయి చూడగానే నచ్చేసింది. మరి నేను నచ్చాలి కదా! కాఫీలు తాగుతుంటే వాళ్ళమ్మగారు, వెనక ఖాళీ స్థలంలో ఒకదాని మీద ఒకటి నిలబడ్డ రెండు పెద్ద గుండ్లను చూపించి, "ఆ పైది ఎప్పుడు మా మీదకి దొర్లుతుందోనని నిద్ర పట్టదు బాబూ" అన్నారు. అంతే, నాకు పూనకం వచ్చింది. "భయపడకండి, అది పడదండీ! ఒకప్పుడు ఇదంతా నేల లోపల ఒకటే రాయి. పగుళ్ళలోకి నీళ్ళు దిగి, మూలలు ముందు చివికి మొరం అయిపోయాయి. ఆ మొరం వానలకు కొట్టుకుపోయి, నడిమి భాగం ఇలా గుండ్రంగా మిగిలింది. ఎక్కడినుంచో దొర్లి వచ్చి ఆగింది కాదు, పుట్టినచోటే కుదురుగా కూర్చుంది. ఇందాక మీ సెల్లార్లో మేట వేసి కనిపించిన ఇసక కూడా దీని పొడేనండీ!" వాళ్ళ నాన్నగారు, "పొడి రాలుతోందంటే ఎప్పటికైనా పడేదేగా?" అన్నారు. నోటితో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. నేను, చూపిస్తానని బయల్దేరాను.

ఇస్త్రీ ప్యాంటు, ఆఫీసు బూట్లతో కింది గుండెక్కి, పైదాన్ని భుజంతో బలంగా తోశాను. కదల్లేదు. "చూశారా అండీ!" అని వాళ్ళంతా చూస్తున్న బాల్కనీ వైపు తిరిగానో లేదో, ఎండకూ వానకూ పెచ్చులూడిన రాతి పొర కాలికింద విరిగి, దాంతోపాటు నేనూ జర్రున జారి మొరంలో కూలబడ్డాను. ప్యాంటు వెనకభాగం సగం రాతికే అంటుకుపోయింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "ఏంది సారూ, పెండ్లిచూపులకొచ్చి గిట్ల బండలెక్కుడేంది? జర ఆగున్రి, తువ్వాల తెస్త" అన్నాడు.

తువ్వాలు చుట్టుకుని మళ్ళీ హాల్లో కూర్చున్నాను. సంబంధం గోవిందా అనుకున్నాను, ఏడుపొక్కటే తక్కువ. వాళ్ళ నాన్నగారు గొంతు సవరించుకుని, "కాస్త నిలకడ తక్కువేమో..." అని మొదలుపెట్టారు. అప్పుడు అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది. "ఆయన చెప్పింది నిజమే కదా నాన్నా. గుండు కదల్లేదు, కదిలింది ఆయనే." నవ్వాపుకోలేక లోపలికి పారిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మొన్న అత్తగారింటికి వెళ్తే గుండ్లు లేవు. టవర్లు కట్టడానికి మిషన్లు తెచ్చి పగలగొట్టేశారట. ఆ ఖాళీ జాగాకేసి చూస్తూ, "పడదని ఎంత గట్టిగా చెప్పానో" అన్నాను. మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "పడలేదు కదండీ. మీరు చదివింది రాళ్ళ సంగతి, మనుషుల సంగతి కాదుగా" అంది. గుండెక్కి గర్వంగా బాల్కనీకేసి చూసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను. అవి ఎప్పటికీ అక్కడే ఉంటాయని ఎంత నమ్మకం వాడికి!