పరీక్ష రాయని పండితుడు

మా జమ్మలమడుగు ఆఫీసులో సుబ్బరామయ్య పద్దెనిమిదేళ్లుగా గుమాస్తాగానే ఉన్నాడు. పై ఉద్యోగం కావాలంటే కర్నూలు వెళ్లి డిపార్టుమెంటు పరీక్ష రాయాలి. ఆయన ఒక్కసారి కూడా రాయలేదు. తప్పితే పరువు పోతుందట. రాసి తప్పినవాళ్లను చూసి నవ్వడానికి మాత్రం ఆ పరువు అడ్డం రాదు.

ఈ రోజు దరఖాస్తులకు ఆఖరు రోజు. ఆయన పక్క కుర్చీలో కూర్చునే గుమాస్తా దేవదానం ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. మూడోసారి దరఖాస్తు రాస్తుంటే సుబ్బరామయ్య ముక్కుపొడుం పీల్చి, అందరికీ వినబడేలా అడిగాడు.

"మల్లా కర్నూలు పోతాండావా అప్పా? ఈ తూరి గూడా తప్పితే మొగం యాడ పెట్టుకుంటావు?"

"ఈడనే పెట్టుకుంటా సామీ, నీ పక్కనే. రెండు తూర్లు తప్పినా నేను నీకంటే కిందికేం పోలేదు గదా" అన్నాడు దేవదానం, తలెత్తకుండానే.

ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఆరేళ్ల సర్వీసులో నేనూ ఆ పరీక్ష రాయలేదు. ఎవరైనా అడిగితే తీరిక లేదని చెబుతూ వచ్చాను. ఇన్నాళ్లూ నేను చిన్నచూపు చూసిన మనిషికీ నాకూ తేడా పన్నెండేళ్లే.

మధ్యాహ్నం దరఖాస్తు రాశాను. తీసుకెళ్లి ఆఫీసరు బల్ల మీద పెట్టాను.

"నీకేమొచ్చిందప్పా?" అని సుబ్బరామయ్య జాలిగా అడిగాడు.

"భయమొచ్చింది సామీ, నిన్ను జూసి" అన్నాను.

బరిలోకే దిగకుండా ఎన్నడూ ఓడని ఇట్లాంటి వీరులు మీ ఆఫీసుల్లో ఎంతమంది ఉన్నారో చెప్పండి.