ముట్టడిలో ఉండ్రాళ్ళ పళ్ళెం

సిడ్నీకి మూడు గంటల దూరంలో మేముండే గంగాలిన్‌లో, ఎవరో ఇంటిముందు పాతసామాను అమ్మే గరాజ్ సేల్‌లో ఇంగ్లండు కోట కొన్నాను. అట్టకోటే గానీ, నా బేరం మాత్రం ఏ రాజుకీ చేతకాదు: బురుజుకో వంక పెట్టి, అమ్మే ముసలాయన విసిగి సగానికి ఇచ్చేదాకా వదల్లేదు. ఇంటికొచ్చి విప్పితే సగం గోడలు చెమ్మకి ఉబ్బి ఉన్నాయి. మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టు రేపే.

అతికిస్తుంటే ఆ తడి అట్ట వాసన నన్ను బందరులో మా కిరాణా కొట్టుకి లాక్కెళ్ళింది: బెల్లం అచ్చులు, ఇంగువ, వానాకాలం ముక్కిపోయిన గోనెసంచులు, వాటి మీద కూర్చుని నేను గట్టిగా వల్లించిన ఇంగ్లీషు మీడియం చరిత్ర పాఠం. దొర మట్టిదిబ్బ మీద కర్రకోట కట్టాడు, కొడుకు దాన్ని రాతికోట చేశాడు, మనవలు దానికోసం కొట్టుకున్నారు, అన్న లోపల, తమ్ముడు బయట. నాకా కోటంటే ఒళ్ళుమంట. సైకిలు దూరంలో మా బందరు కోట పిచ్చిమొక్కలు మొలిచి పడుంటే దాని గురించి పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

ఆ ఏడే నాన్నకీ బాబాయికీ చెడి, కొట్టు మధ్య గోడ లేచి, ఒక కొట్టు రెండయింది. గల్లాపెట్టె దగ్గర నాన్న నా పాఠం వింటూ అడిగాడు.

"లోపలివాడు ఎన్నాళ్ళు ఆగాడే?"

"సరుకున్నన్నాళ్ళు."

"అదీ. సరుకున్నోడిదే కోట."

మర్నాటి నుంచి అటకదాకా కందిపప్పు, చింతపండు నింపి, బాబాయి కంటే తక్కువకి అమ్మడం మొదలెట్టాడు.

వినాయక చవితికి పిన్ని పళ్ళెం నిండా ఉండ్రాళ్ళు పంపింది. మాలో వచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపరు, చారెడు పంచదారైనా వేస్తారు. అమ్మ డబ్బా మూత తీసింది. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగవే. వాడు మెత్తబడ్డాడు. మొదటిమాటకే ఒప్పేసుకుంటామా? రేపు తనే వస్తాడు."

"పండగపూట బేరమేంటండీ?"

పళ్ళెం ఖాళీగానే వెళ్ళింది. దీపావళికల్లా బాబాయి కొట్టుకి తాళం పడింది. చెప్పకుండా ఏలూరు వెళ్ళిపోయారు.

కథంతా విని మా అబ్బాయి అడిగాడు. "సో హూ వన్, అమ్మా?"

"మీ తాతయ్యే."

"దెన్ వేర్ ఈజ్ ద షాప్?"

ఎక్కడుంది? పురుగుపట్టిన పప్పు కాలవలో పోసిన ఏడాదే నీరసించి, నాన్నతోపాటే పోయింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

బాబాయి కూతురు వాసంతి సిడ్నీలో ఉంది. పోయిన నెల అక్కడికి దగ్గర్లోని హెలెన్స్‌బర్గ్ గుళ్ళో, పులిహోర వరసలో నన్ను గుర్తుపట్టి సగం నవ్వింది. మిగతా సగం కూడా తనే నవ్వాలని నేను ఆగాను. వరస కదిలిపోయింది.

లెక్క దాచడం ఎందుకు. జమ: ఒక గెలుపు. ఖర్చు: ఒక బాబాయి, ఒక పిన్ని, పోయిన నెల నుంచి ఒక చెల్లెలు.