గంజి పట్టిన మొదటి అచ్చు

పెళ్లిచూపుల్లో మా ఆయన విజయ్ పాల్ గారు నన్ను చూసింది ఎంతసేపో గానీ, పాత పాటల రికార్డు చేతికొస్తే మాత్రం భోజనం చల్లారిపోయేదాకా చూస్తారు. నరసాపురంలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. అక్కడ మామూలు మనిషే. ఇంటికొచ్చి లుంగీ కట్టుకున్నారంటే ఒక చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో ఫోను టార్చి. పులస చేప మొప్పలెత్తి చూసి బేరమాడినట్టు, రికార్డుని వెలుగుకి అటూ ఇటూ వంచి మరీ చూస్తారు.

"ఇది ఒరిజినల్ కాదండీ, తర్వాత వేసింది," అని తెచ్చినవాళ్ల మొహం మీదే చెప్పేస్తారు. ఎలా తెలిసిందని అడిగారో, చచ్చారే! లేబుల్ రంగు చూడాలట, అట్ట ఎలా అతికించారో చూడాలట. అన్నిటికన్నా ముఖ్యం, పాట గీతలు అయిపోయాక లేబుల్‌కి ముందు మిగిలే నున్నటి జాగా. అక్కడ చిన్న నెంబరు ఉంటుంది. మా చర్చి రికార్డుకైతే ఆ నెంబరు చివర ఒకటి ఉంటే మొదటి అచ్చు, రెండు ఉంటే మళ్లీ వేసింది. అట్టా లేబులూ అబద్ధం చెబుతాయట, నెంబరు చెప్పదట. సండే స్కూల్లో పిల్లలకి వాక్యం కూడా ఇంత శ్రద్ధగా నేర్పరు. పెళ్లయిన వారానికే నాకు కంఠతా వచ్చేసింది.

ఈ పిచ్చికి కారణం మా అత్తగారు సువార్తమ్మ. ఆవిడ వయసులో ఉండగా మా చర్చి క్వయరు మద్రాసు వెళ్లి ఒక రికార్డు ఇచ్చింది. అందులో ఒక పాట మధ్యలో ఆవిడ ఒక్కరే పాడారు. మరుసటి ఏడు పెద్దలు ఏమనుకున్నారో ఏమో, ఆ పాట ఒక్కటీ మళ్లీ పాడించి, అదే పేరుతో, అదే అట్టతో ఇంకోసారి వేయించారు. ఈసారి ఒంటరిగా పాడింది అప్పటి పాస్టరమ్మ గారు. పాతవి ఇంటింటికీ తిరిగి వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చారు. మా అత్తగారు దాచుకున్న ఒక్కటీ వరదకి పోయింది. అట్ట మీద ఫొటోలో ముందు వరసలో ఉన్నది ఈవిడ, లోపల గొంతు ఆవిడది!

"ఎందుకు మార్చారత్తయ్యగారూ?" అని ఎన్నిసార్లు అడిగినా, "ఏదో అయ్యిందిలేమ్మా, ఇప్పుడెందుకూ," అనేవారు. తెలిసిన మిగతావాళ్లంతా పరలోకంలో ఉన్నారు. పాస్టరమ్మ గారి కుళ్లే కారణమని మా ఆయన తీర్పు ఇచ్చేశారు. పాపం, ఆవిడకి అప్పీలు చేసుకునే దారి కూడా లేదు.

పోయినేడు మా అత్తగారికి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమదీ తగ్గిపోతోందని, ఎన్నాళ్లుంటుందో చెప్పలేనని డాక్టరు గారు అన్నారు. ఆ రోజు నుంచీ మా ఆయన స్థిమితంగా కూర్చుంటే ఒట్టు. "ఆ చెవి ఉండగా అమ్మ గొంతు అమ్మకి వినిపించాలి జ్యోతీ. ఒక్కసారి చాలే," అనేవారు. ద్రాక్షారామంలో ఎవరిదో అటక దులిపారు, దొరికినదాని నెంబరు చివర రెండు. కోరుకొండలో ఒకాయన దగ్గరుందంటే ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి మరీ వెళ్లారు, అదీ రెండే. "దేవుడు బాగా చేశాడు," అన్నాను. రెండు పూటలు అలిగి అన్నం తినలేదు. అలాగని టిఫిన్లు మానలేదు లెండి.

అలా ఉండగా ఒక సాయంత్రం మా వీధి చివర లేసు అల్లే రామతులసి, గుడ్డ సంచిలో ఒక రికార్డు పట్టుకొచ్చింది.

"అన్నయ్యగారండీ, మా అత్తగారి లేసు పెట్టెలో దొరికిందండీ. మీకేమైనా పనికొస్తుందేమో చూడండి."

అట్ట లేదు. లేబుల్ తెల్లగా పాలిపోయి ఒక్క అక్షరం కనబడటం లేదు. ఆయన మొప్పలెత్తి చూశారు. నున్నగా ఉండాల్సిన జాగా అంతా గరుకుగా తెల్లటి పొర.

"అసలు నెంబరే లేదండీ. ఇది దొంగ అచ్చు, పారేయండి," అని లోపలికెళ్లిపోయారు.

రామతులసి మొహం ఇంతయిపోయింది. నాకు ఒళ్లు మండింది. తెచ్చిన మనిషికి కాఫీ నీళ్లయినా ఇవ్వకుండా దొంగ అంటారా? "ఇలా ఇవ్వు తులసీ, నేనుంచుకుంటాను. గుండ్రటి లేసు గంజిలో ముంచి దీని మీద పరిచి ఆరేస్తే వంకర పోదు," అన్నాను.

తులసి నవ్వేసింది. "మా అత్తగారూ దానికే వాడేవారు వదినగారూ. చిన్నప్పుడు మిషనరీల లేసు బడిలో బహుమతిగా ఇచ్చారంట. ఇంట్లో పాటల పెట్టె లేదు, ఏం చేసుకుంటారు? గంజి బల్ల చేసేసుకున్నారు."

మర్నాడు పొద్దున్నే, నా కొత్త లేసుకి మురికి అంటకూడదని దాన్ని గోరువెచ్చటి నీళ్లతో కడగడానికి కూర్చున్నాను. ఏళ్ల తరబడి పట్టిన గంజి జిగురు జిగురుగా ఊడొచ్చింది. లేబుల్ మీద లేసు పువ్వు అచ్చు పడి ఉంది. దాని పక్కన మెత్తటి గుడ్డతో తుడుస్తుంటే సన్నగా అంకెలు తేలాయి. చివరిది ఒకటి.

"ఏవండీ! మీ దొంగ దొరికాడు, రండి!" అని కేకేశాను.

గడ్డం నురగతో పరిగెత్తుకొచ్చారు. భూతద్దం పెట్టి చూశారు, భూతద్దం తీసి చూశారు. కుళాయి దగ్గర తడి నేల మీద అలాగే చతికిలబడ్డారు. నిన్న తిట్టాల్సినవన్నీ తిడదామని నోరు తెరిచాను గానీ, ఆ మొహం చూశాక రికార్డు తడి ఒత్తే పనిలో పడ్డాను.

మా అత్తగారిని స్పీకరు పక్కన, ఎడమ చెవి అటు ఉండేలా కూర్చోబెట్టారు. "వద్దురా నాయనా, నా మాట విను," అంటూనే ఉన్నారావిడ. ఎప్పుడు విన్నారు కనక ఈయన!

రికార్డు మీద ముల్లు పడింది. క్వయరంతా పాడి ఒక్కసారిగా ఆగింది. ఒక్క గొంతు లేచింది. ఇన్నేళ్ల నుంచీ ఆవిడ కోడల్ని, నన్ను సాధించే గొంతే విన్నాను గానీ ఈ గొంతు ఎప్పుడూ వినలేదు. అబ్బ, ఎంత బాగుందో! అంతలో, ఆ గొంతు వెనకాల ఒక పసివాడు గుక్కపెట్టి ఏడుపు అందుకున్నాడు.

మా ఆయన చటుక్కున ముల్లు ఎత్తేశారు. "ఎవడమ్మా ఈ వెధవ?"

"నువ్వేరా," అన్నారు మా అత్తగారు.

ఆయన ముల్లు చేత్తో పట్టుకునే ఆవిడ వైపు తిరిగారు.

"మూడు నెలల పిల్లాడివి. పాలకి ఏడ్చావు. మళ్లీ పాడదామంటే స్టూడియోలో మన టైమైపోయింది. అందుకే తర్వాత మార్చారు. పాస్టరమ్మ గారు ఏ పాపం ఎరగరు, నేను రానంటేనే ఆవిడ పాడారు," అని ఆవిడ కొడుకు వైపు వంగారు. "నేను వద్దన్నది అందుక్కాదురా. నువ్వు ఆకలికి అలా ఏడుస్తున్నా నేను ఆపలేదు. ఆ క్షణాన నాకు పాటే కావాల్సొచ్చింది. అది నీ చెవిన పడకూడదనుకున్నాను."

మా ఆయన ముల్లు మళ్లీ మొదట్లో పెట్టారు. పెట్టి, ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి, గడ్డం నురగంతా చెరిగిపోయేలా వెక్కి వెక్కి ఏడ్చారు. లోపల పసివాడు, బయట యాభై దాటినవాడు, ఇద్దరిదీ ఒకటే రాగం. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు.

మా అత్తగారు ఎడమ చెవి స్పీకరుకి ఆనించి, కొడుకు నెత్తి మీద చిన్నగా ఒకటి మొట్టారు.

"ఇప్పుడైనా ఊరుకోరా. పాట వినబడట్లేదు."