చివరి బంటును చంపిన వీరుడు

చదరంగంలో గెలుస్తూ గెలుస్తూ ఇంటిల్లిపాదినీ ముంచడం ఎలాగో నేర్చుకోవాలంటే నా దగ్గరికి రండి. సుల్తానాబాద్ నుంచి ఆదిలాబాద్ దాకా ఆ విద్యలో నన్ను మించినవాడు పుట్టలేదు.

అప్పటికి మా బాపు మగ్గం మీద కూర్చుంటే గుడ్డ కన్నా దగ్గే ఎక్కువ నేసేవాడు. ఇంట్లో పొయ్యి కూడా మాతోపాటు ఉపాసముండేది. ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో పత్తి తూకం కాడ గుమాస్తా కావాలని విని, బాపు నన్ను వెంటబెట్టుకుపోయాడు. మేనేజరు ఖాదర్ సాబుకు చదరంగం పిచ్చి.

"నన్ను ఓడగొట్టు, నౌకరీ నీదే. జర యాదుంచుకో, నా రాజు ఒక్కడే మిగిలితే బుర్జు. ఆట బరాబర్, నౌకరీ లేదు. చూసేటోళ్లు నోరు తెరవద్దు" అన్నాడు.

"గట్లనే సాబ్!" చదరంగం పుట్టించినవాడే నా దగ్గర చిట్కాలు అడిగిపోయినంత ధీమా నాది.

మొదట్లో నా ఆట చూడాలి! రాజును మూలకు చేర్చి భద్రం చేశాను. గుర్రాలను నడిమికి తెచ్చాను. నేర్చుకునే పిల్లలారా, ఇంతవరకు నన్ను చూడండి. ఇక కండ్లు మూసుకోండి. ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు గానీ, నేను చంపిన రెండింటికీ చిల్లిగవ్వ రాలేదు. చివరికి సాబుకు రాజూ, ఒక బంటూ మిగిలారు. ఇంకొద్దిగా ఆగితే ఆట కట్టు.

అప్పుడు సాబు ఆ బంటును నా ఏనుగు ముందుకు జరిపాడు, ఎలుకబోనులో కొబ్బరిముక్క పెట్టినట్టు. "అరెరె, తప్పు జరిపిన!" అని తల కొట్టుకున్నాడు.

వెనక బాపు ఖళ్లున దగ్గాడు.

"నీళ్లు తాగు బాపూ, గెలుస్తున్న!"

మళ్లీ దగ్గాడు, ఈసారి గోడలదిరేట్టు.

"జర ఓపిక పట్టు. రేపే దవాఖానల చూపిస్త" అని బంటును ఎగరగొట్టాను.

సాబు లేచి నా చెయ్యి ఊపాడు. "బుర్జు! షాబాష్ బేటా. అందర్ని చంపినవ్, నీ నౌకరీని గూడ."

 బస్సు దిగి ఇల్లు చేరాక, బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుంటూ అన్నాడు: "ఇన్నేండ్ల సంది దగ్గు దానంతటదే వచ్చింది బిడ్డా. కావాలని దగ్గింది గా రెండు సార్లే."

ఆ చలికాలంలో ఆ దగ్గు పూర్తిగా ఆగింది. బాపు ఖాళీ చేసిన మగ్గం గుంటలోకి నేను దిగాను.

అందుకే మా ఉపాసపు పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎదుటివాడి చివరి బంటు జోలికి పోను. పళ్లెంలో ఆఖరి మిర్చి బజ్జీని సైతం ప్రాణాలతో వదిలేస్తాను. వెనక ఎవరు దగ్గినా సరే, నీళ్లిచ్చే ముందు ఒకసారి బల్ల వంక చూస్తాను.