చేప కడుపు కుట్టేశారు

మా ఊరి అమ్మవారి పండక్కి ఏటా ఏదో ఒక వేషం కడతారు. సముద్రం ఒడ్డు ఊరు కదా, ఆ ఏడు పెద్ద చేప కట్టాలని ముగ్గురం పూనుకున్నాం. మా బావ వెదురుతో చట్రం కట్టాలి. వలలు బాగుచేసే మావయ్య దాని మీద గుడ్డ కుట్టాలి. శ్రీకాకుళంలో బోర్డులు రాసుకునే నేను రంగులు వెయ్యాలి, ఆ తర్వాత లోపల దూరి ఊరేగింపులో నడవాలి. నేనే నడవాలని ఎవరు నిర్ణయించారో ఇప్పటికీ తెలియదు. పొడుగ్గా ఉన్నానట, అంతే.

ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నది ఒక్కసారీ లేదు. బావ వేట నుంచి వచ్చాక కట్టేవాడు, మావయ్య తీరినప్పుడు కుట్టేవాడు, నేను ఆఖరి బస్సు దిగి రంగు పూసేవాణ్ణి. మా ఊళ్లో పని చేస్తున్నవాణ్ణి ప్రశ్నలు అడిగితే వాడి పనితనాన్ని శంకించినట్టే లెక్క.

చేప కడుపు కింద బావ మనిషి దూరేంత సందు వదిలాడు. నా కాళ్లకి రెండు కన్నాలు వేరే ఉన్నాయి. పండగనాడు చొక్కా విప్పి అరుగు మీద పెట్టి ఆ సందులోంచి దూరాను. నాకు ఉబ్బసం. మందు పీల్చే పంపు చొక్కా జేబులో ఉంది. గుడి దాకానే కదా అనుకున్నాను.

లోపల కాళ్లు సర్దుకుంటుంటే కడుపు దగ్గర ఎవరో లాగుతున్నట్టయింది. గుడ్డ బిగిస్తున్నారనుకున్నాను. నిజానికి మావయ్య ఆ సందు కుట్టేస్తున్నాడు. కన్నం కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. అదీ వల దారంతో, ముడి మీద ముడి. వెంటనే పూజారి చేపకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఇక అది అమ్మవారి చేప. పండగ అయ్యేదాకా దానికి కత్తి తగలకూడదు.

వీధి మొదట్లోనే ఊపిరి పట్టేసింది. సందు కోసం తడిమితే ముడులు తగిలాయి. అంత భయం నాకు ఎప్పుడూ పుట్టలేదు. "ఊపిరాడతం లేదు, తియ్యండ్రా!" అని అరిచాను. డప్పుల్లో కలిసిపోయింది. వెదురు పట్టుకుని ఊపేశాను. చేప గిలగిల్లాడింది.

"సూడండ్రా, మా బావ నిజం సేపలాగే కొట్టుకుంతన్నాడు!" అని బావ గొంతు. నేను ఎంత కొట్టుకుంటే అన్ని ఈలలు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. అక్కడ పిల్లి కూడా లేదు, అందరూ నావాళ్లే.

చేపలమ్మి అప్పుడే ఇంటికొచ్చిన మా ఆవిడ అరుగు మీద చొక్కా చూసింది. జేబులో పంపు చూసింది. పంపు పట్టుకుని, చేపల తట్టతోనే పరిగెత్తుకొచ్చి డప్పులు ఆపించింది.

"ఎటునుంచి తీత్తారు ఆయన్ని?"

"కడుపుకాడ సందు ఒగ్గీసేను కదేటి" అన్నాడు బావ.

"అది సందేటి? సిరిగిపోనాదని కుట్టీసేను. నాకెవులు సెప్పారు?" అన్నాడు మావయ్య.

"సెప్పాలేటి? తెలుసనుకున్నాను."

వాదించుకోవడానికి వాళ్లకి కావలసినంత ఊపిరి ఉంది. మా ఆవిడ మాత్రం ఆగలేదు. "తల్లీ, నీ సేపని కోత్తన్నాను, ఏటీ అనుకోకు" అని తట్టలోని కత్తి తీసి కడుపు నిలువునా చీల్చేసింది. నేను రోడ్డు మీదికి జారిపడ్డాను. పంపు నోట్లో పెట్టింది. ఊపిరి తిరిగి కళ్లు తెరిస్తే జనం చప్పట్లు కొడుతున్నారు. ఇదీ వేషంలో భాగమే అనుకున్నారు. అమ్మకి నచ్చిందని పూజారి కూడా అనేశాడు.

మరుసటేడు బావ ఫోన్ చేశాడు. "బావా, కడుపు కోసీది ఉండాలంట, ఊరంతా అదే అడుగుతన్నారు. ఈసారి అన్నీ ముందే సెప్పుకుందాం."

నిజంగానే కూర్చున్నాం. సందు ఎక్కడ, డప్పు ఎప్పుడు ఆపాలి, పంపు ఎవరి దగ్గరుండాలి, కత్తి ఎటునుంచి దిగాలి, అన్నీ విప్పి మాట్లాడుకున్నాం. అప్పటినుంచి ఏటా అలాగే చేస్తున్నాం.

లోపల ఎవరు దూరాలన్నది మాత్రం మాటల్లోకి రాలేదు. వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ ఏటి చేపకి వెదురు నరుక్కొచ్చారని పొద్దున్న తెలిసింది. అప్పటినుంచి నాకు ఊపిరి సరిగా అందడం లేదు.